క్లీవ్‌లాండ్ మీదుగా రాచెస్టర్

న్యూజెర్సీ నుంచి రాచెస్టర్ వెళ్లాలంటే బుద్ధున్న వాళ్లెవరైనా స్క్రాంటన్ దారి పడతారు, మధ్యాహ్నానికల్లా చేరిపోతారు. మేం క్లీవ్‌లాండ్ మీదుగా వెళ్లాం. మా అమ్మాయికి సంగీతంలో డిగ్రీ సీటు కోసం శుక్రవారం క్లీవ్‌లాండ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యూజిక్‌లో ఆడిషన్, అంటే ఎదురుగా వాయించి చూపించే పరీక్ష, శనివారం రాచెస్టర్‌లో ఈస్ట్‌మన్ స్కూల్లో ఇంకోటి. అలా ఎందుకు పెట్టుకున్నారని మా బావగారు ఫోన్లో అడిగారు. పెట్టుకోవడం మన చేతుల్లో ఎక్కడుంది? దేశంలో పేరున్న మ్యూజిక్ స్కూళ్లన్నీ జనవరి ఆఖరు నుంచి మార్చి మొదటి వారం లోపలే పిల్లల్ని పిలుస్తాయి. ఆ కొద్ది వారాంతాల్లోనే బోస్టన్, బ్లూమింగ్టన్, ఆన్ ఆర్బర్ అన్నీ ఇరుక్కోవాలి. సరిగ్గా మంచు పడే రోజులే చూసి పెట్టారా అనిపిస్తుంది.

కంప్యూటర్ సైన్స్‌కి అప్లై చేసిన పిల్లల తల్లిదండ్రుల్ని చూస్తే ఈ మధ్య నాకు ఒళ్లు మండుతోంది. వాళ్లు ఫారాలు నింపి, వ్యాసాలు పంపి, మార్చి దాకా కాలు మీద కాలేసుకుని కూర్చుంటారు. మాకు డిసెంబర్ 1కి ముందే ప్రీస్క్రీన్ వీడియోలు, అంటే మొదటి వడపోతకి వాయించి పంపేవి. హాలు అద్దె, పియానో వాయించే ఆవిడ ఫీజు, రికార్డింగ్ అబ్బాయి ఫీజు, పైన ఒక్కో స్కూలుకి వంద డాలర్లు దాటే అప్లికేషన్ ఫీజు. ఆ వీడియో నచ్చితే అప్పుడు "రండి, ఎదురుగా వాయించండి" అని పిలుపు. పిలుపు వచ్చిందని సంతోషించాలో, హోటల్ రేట్లు చూసి ఏడవాలో తెలీదు. ఆడిషన్ వారాంతమని ఎలా తెలుస్తుందో గానీ స్కూలుకి దగ్గరున్న హోటళ్లు ఆ రెండు రాత్రులకీ రేటు పెంచేస్తాయి.

మా అమ్మాయి వాయించేది చెల్లో, వయొలిన్ లాంటిదే గానీ కూర్చుని కాళ్ల మధ్య పెట్టుకుని వాయించేంత పెద్దది. వయొలిన్ పిల్లలు పెట్టెని భుజాన తగిలించుకుని విమానం ఎక్కేస్తారు, పైన ఖాళీ ఉంటే పెట్టుకోనివ్వాలని 2015 నుంచి రూలు కూడా ఉంది. చెల్లోకి సీటు కొనాలి. అందుకే ఈ విడతకి కారే అనుకున్నాం. పెన్సిల్వేనియాలో ఐ-80 హైవే మీద మూడు వందల మైళ్లు కొండలు, చెట్లు, మళ్లీ కొండలు, చెప్పడానికేం లేదు. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర క్లేరియన్ దాటేలోపే అయిపోయింది.

క్లీవ్‌లాండ్ నాకు కొత్త కాదు. 1978 నుంచి అక్కడ త్యాగరాజ ఆరాధన జరుగుతోంది కదా, ఈస్టర్ రోజుల్లో. పెళ్లయిన కొత్తలో వెళ్లాం, ఆ తర్వాత అమ్మాయి చిన్నప్పుడూ వెళ్లాం. పట్టుచీరలు, కాఫీ వాసన, హాల్లో వందల గొంతులు కలిపి పంచరత్న కృతులు. ఊరంటే నా మనసులో అదే. ఫిబ్రవరిలో చూస్తే అది ఇదేనా అనిపించింది. ఈరీ సరస్సు మీంచి గాలి కొడుతుంటే, స్కూలున్న యూనివర్సిటీ సర్కిల్‌లో కారు దిగి తలుపు వేసుకోవడానికే వేళ్లు పనిచేయలేదు.

ఆడిషన్ సంగతి అడుగుతారు. నేను చూసింది కారిడార్ మాత్రమే. వార్మప్ గదుల్లో ఒక దాన్లోంచి డ్వోర్జాక్ రాసిన కన్చెర్టో, అంటే ఆర్కెస్ట్రా తోడుగా వాయించే పెద్ద రచన, పక్కదాన్లోంచి ఎల్గార్ది, ఎదురుగదిలోంచి హైడన్‌ది, ఎక్కడో మళ్లీ డ్వోర్జాక్ ఇంకొంచెం వేగంగా. నెలల తరబడి మా ఇంటి మేడ మీద వింటున్న పాపర్ ఎట్యూడ్ అనే సాధన పాఠాన్ని ఇంకో పిల్లవాడు మా అమ్మాయి కంటే శుభ్రంగా వాయిస్తుంటే కడుపులో తిప్పింది. ఆ పిల్లాడి తండ్రి నా పక్కనే కూర్చుని ఫోన్లో క్రికెట్... క్షమించండి, బేస్‌బాల్ ఏదో చూస్తున్నాడు, మొహంలో ఏమీ లేదు. మా అమ్మాయి లోపలికెళ్లి పావుగంటలోపే బయటికి వచ్చింది.

"ఎలా అయిందమ్మా?"

"కన్చెర్టో మధ్యలో ఆపేశారు నాన్నా."

అంతే, ఇంకేం మాట్లాడలేదు. ఎందుకు ఆపారు, ఎక్కడ ఆపారు, ఆపినప్పుడు మొహాలు ఎలా ఉన్నాయి అని అడగాలని నోటిదాకా వచ్చింది. మింగేసి, పెట్టె తీసుకుని కారెక్కించాను.

మామూలు రోజుల్లో క్లీవ్‌లాండ్ నుంచి రాచెస్టర్ నాలుగు గంటలు. ఈరీ ఊరి దాకా బాగానే ఉంది. అక్కడి నుంచి మొదలైంది. ఈరీ సరస్సు గడ్డకడితే ఈ బాధ తగ్గుతుంది, కట్టని ఏడు దాని మీంచి వచ్చే గాలి తేమనంతా మోసుకొచ్చి ఒడ్డున ఉన్న ఊళ్ల మీద మంచుగా కుమ్మరిస్తుంది. ఈ ఏడు కట్టలేదు. న్యూయార్క్ సరిహద్దు దాటేసరికి లేన్ల గీతలు పోయాయి, ముందు కారు వెనక లైట్లు రెండూ కనిపిస్తే అదే రోడ్డు అనుకోవడం. ట్రక్కుల్ని ఆపేశామని బోర్డు వెలుగుతోంది. ట్రక్కులు వెళ్లలేని చోట నేను మినీవ్యాన్‌లో ఏం చేస్తున్నట్టు?

భయం బయటపడకుండా ఉండటానికి అమ్మాయికి మా విజయనగరం కబుర్లు మొదలుపెట్టాను. లెక్కల ట్యూషన్‌కి రోజూ సైకిల్ మీద సంగీత కళాశాల ముందు నుంచే వెళ్లేవాణ్ణి, కిటికీల్లోంచి సరళీ స్వరాలు వినపడేవి, ఒక్కరోజూ లోపలికి తొంగి చూడలేదు. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వయొలిన్ విని "నువ్వు నేర్చుకునేదేంటి, నేర్పు" అని పంతులు ఉద్యోగం ఇచ్చారని మా ఊళ్లో చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు దాటాయంతే.

"ప్రీస్క్రీన్ లేకుండానే?" అంది అమ్మాయి. క్లీవ్‌లాండ్ తర్వాత అది నోరు విప్పడం అదే మొదటిసారి.

ఘంటసాల గారు అదే ఊళ్లో జోలె పట్టుకుని మధూకరం చేసుకుంటూ చదువుకున్నారని కూడా చెప్పాను. చెప్తూ చెప్తూ మనసులో టోలు, పెట్రోలు, హోటలు కూడుకున్నాను.

బఫెలో ఇంకా ఇరవై మైళ్ల పైన ఉందనగా ఆంగోలా సర్వీస్ ఏరియా వచ్చింది. ఆ దారిన వెళ్లినవాళ్లకి తెలుసు, అది రెండు రోడ్ల నడుమ ఉంటుంది, కారు ఒక పక్క ఆపి నడక వంతెన ఎక్కి వెళ్లాలి. చెల్లోని కారులో వదిలేయలేం. చలికి, పొడిగాలికి చెక్క కుంచించుకుపోతుంది, జిగురు అతుకులు విడిపోతాయి. శీతాకాలంలో మేం దాని లోపల తడి రబ్బరు గొట్టం ఒకటి వేలాడదీస్తాం, హోటల్ గదిలో హీటర్ తగ్గించి బాత్రూంలో వేడినీళ్లు తిప్పి తలుపు తెరిచి పెడతాం. కూతుర్ని పెంచడం దీనికంటే తేలిక. సరే, చెల్లోని నేను వీపున కట్టుకుని, అమ్మాయి బ్యాగులు పట్టుకుని వంతెన దాటాం. రెండు కాఫీలు, ఒక శాండ్‌విచ్, ఇరవై డాలర్లు దాటింది.

కూర్చోగానే పక్క టేబుల్ నుంచి ఒకావిడ లేచి మా దగ్గరికి వచ్చింది. అరవైకి దగ్గర్లో ఉంటుంది, మోకాళ్ల దాకా బూట్లు, చేతిలో లావుపాటి ఫైలు.

"ఈస్ట్‌మన్‌కేనా?" అని అడిగింది, నమస్కారం కూడా లేదు.

అవునన్నాను. "మాదీ అదే. బేస్" అంది. ఆవిడ వెనక టేబుల్ దగ్గర ఆరడుగుల కుర్రాడు కూర్చుని ఫ్రైస్ తింటున్నాడు. డబుల్ బేస్ అంటే చెల్లో కంటే ఇంకా పెద్దది, అదేదని చుట్టూ చూశాను. "మా ఆయన వ్యాన్‌లో ఇంజన్ ఆపకుండా దాంతో కూర్చున్నాడు. వాళ్లిద్దరూ చలికి తట్టుకోలేరు" అంది.

మొదట చిరాకేసింది. నడుము నొప్పి, రేపటి టెన్షన్, ఇప్పుడు ఈవిడతో కబుర్లా అని. ఒహాయోలో ఎక్కడో పల్లె నుంచి వస్తున్నారు. పెద్దవాడు ట్రోంబోన్, రెండోది ఓబో, ఇప్పుడు ఈ చివరివాడు, అంటే ఈ చలికాలపు తిరుగుడు ఆవిడకి అలవాటే. మా స్లాటు ఎప్పుడని అడిగింది. ఉదయం తొమ్మిదిన్నర అన్నాను.

"ఫోన్ చేశారా?"

"దేనికి?"

ఆవిడ నన్ను చూసిన చూపు మా స్కూల్లో సైన్సు టీచరు గారు చూసేవారు. "వాళ్లకి కిటికీలు ఉన్నాయండీ, బయట మంచు వాళ్లకీ కనిపిస్తోంది. సారీ చెప్పకండి, బతిమాలకండి. పేరు, వాయిద్యం, ఎక్కడ చిక్కుకున్నారో చెప్పి మధ్యాహ్నం తర్వాత ఏముందని అడగండి. ఈమెయిల్ కూడా పెట్టండి." నేను అక్కడే నిలబడి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి రెండు నిమిషాల్లో సాయంత్రం నాలుగింటికి మార్చేసింది, జాగ్రత్తగా నడపమని కూడా చెప్పింది. అంత తేలిగ్గా అయిపోయేసరికి కోపమొచ్చింది. ఆ తొమ్మిదిన్నరని పట్టుకునే కదా ఈరీలో ఆగకుండా వచ్చింది.

తర్వాత ఆవిడ ఫైలు తెరిచింది. నా ఎక్సెల్ షీట్ చూసి ఇన్నాళ్లూ గర్వపడ్డాను, రంగులు కూడా వేశాను. దాన్లో హోటల్, మైళ్లు, పార్కింగ్ అన్నీ ఉన్నాయి. ఆవిడ ఫైల్లో నేను ఊహించని గడి ఒకటుంది: ఆ స్కూల్లో ఈ మే నెలలో ఎంతమంది బేసిస్టులు చదువు ముగించి వెళ్లిపోతున్నారు. సీట్లన్నీ దాన్ని బట్టే అట. ఆర్కెస్ట్రాకి కావలసినన్ని చెల్లోలు ఉన్న ఏడు ఎంత బాగా వాయించినా చోటుండదు, నలుగురు వెళ్లిపోయే ఏడు తలుపు కాస్త వెడల్పుగా తెరుచుకుంటుంది. "ఫిలడెల్ఫియాలో కర్టిస్ చూడండి, ఆ మ్యూజిక్ స్కూల్లో 1928 నుంచి ఎవరి దగ్గరా చదువు ఫీజు తీసుకోరు. అయితే ఏం లాభం, ఖాళీ అయినన్ని కుర్చీలే నింపుతారు. మీరు నేర్చుకోవాలనుకునే ప్రొఫెసర్‌నే అడగండి, మీ దగ్గర ఎన్ని ఖాళీలని. సిగ్గుపడకండి." స్కాలర్‌షిప్ ఉత్తరాలు వచ్చాక ఒక స్కూలు ఇచ్చింది ఇంకో స్కూలుకి చూపించి మర్యాదగా మళ్లీ చూడమని అడగొచ్చట, మే 1 లోపల. మనవాళ్లకి చీరల కొట్లో బేరమాడటం తెలుసు గానీ కాలేజీతో బేరమాడొచ్చని నాకెవరూ చెప్పలేదు.

మా అమ్మాయి అప్పటిదాకా శాండ్‌విచ్ తొక్కలు పీకుతూ కూర్చుంది. ఉన్నట్టుండి ఆవిడని అడిగింది, "మధ్యలో ఆపేస్తే?"

"ఆపారా? మా ఓబోని ఆపారు, తీసుకున్నారు. ట్రోంబోన్‌ని ఆపారు, తీసుకోలేదు. వాళ్లకి టైము లేదమ్మా, అంతే. వెనకాల ముప్పై మంది ఉన్నారు." అని కొడుకు వైపు తిరిగి, "ఒరేయ్, ఆ ఫ్రైస్ ఈ అమ్మాయికి పెట్టు" అన్నట్టు ఏదో అంది. పిల్లలిద్దరూ టేబుళ్లు కలుపుకున్నారు. నేను మూడు గంటల డ్రైవింగ్‌లో మాట్లాడించలేని పిల్ల వాయిద్యాన్ని నేలకి ఆనించే ఎండ్‌పిన్లు, జారిపోయే స్టేజి నేలలు, ఏ ఊరి వార్మప్ గది దరిద్రంగా ఉందో అన్నీ గడగడా చెప్పేస్తోంది. కాస్త కష్టమనిపించింది, దాచడమెందుకు.

ఆ రాత్రి బఫెలో ఇవతలే ఒక మోటెల్లో పడ్డాం. రాచెస్టర్ హోటల్ డబ్బు తిరిగి ఇవ్వలేదు, వాపసు లేని రేటు తీసుకున్నారు కదా సార్ అన్నారు. ఆ "సార్" ఒక్కటే ఉచితం. ఈ మోటెల్లో హీటర్ శబ్దానికి అమ్మాయి చెల్లో శబ్దం తగ్గించే మ్యూట్ పెట్టుకుని వాయించినా పక్క గదివాళ్లకి వినపడి ఉండదు.

శనివారం ఎండ కాసింది. రోడ్డంతా ఉప్పు, కారు తెల్లబడిపోయింది. గిబ్స్ స్ట్రీట్‌లో అమ్మాయిని దింపి, నేను ఆ వీధిలోనే అటూ ఇటూ తిరిగాను. కొడాక్ ఫిల్ము కంపెనీ పెట్టిన జార్జ్ ఈస్ట్‌మన్ డబ్బుతో 1921లో మొదలైన స్కూలు అది, పక్కనే హాలు మీద కొడాక్ పేరు ఇంకా ఉంది. ఫిల్ము రీళ్లు కొనే రోజులు పోయాయి గానీ ఆ డబ్బుతో కట్టిన చోట పిల్లలు ఇంకా వాయిస్తున్నారు, మంచి బేరమే. బేస్ కుర్రాడి తండ్రి వ్యాన్ కూడా ఆ వీధిలోనే ఉంది. ఇంజన్ ఆన్‌లోనే ఉంది. చెయ్యి ఊపాను, ఊపాడు.

అమ్మాయి ఐదింటికి వచ్చింది. బాక్ రచన మొత్తం విన్నారట, కన్చెర్టో మళ్లీ ఆపారట. ఈసారి తనే చెప్పింది, నేను అడగలేదు. బిర్యానీ కావాలంది. రాచెస్టర్ శివార్లలో దొరికింది, ఇరవై రెండు డాలర్లకి, బిర్యానీ అని వాళ్లే చెప్పాలి. తిరుగుదారి స్క్రాంటన్ మీదుగా, రాత్రి ఒంటిగంట దాటాక ఇల్లు చేరాం.

వచ్చే వారాంతం బ్లూమింగ్టన్. అంతదూరం కారులో నా నడుము ఒప్పుకోదు, ఇండియానాపోలిస్‌కి విమానం, అక్కడి నుంచి అద్దె కారు. చెల్లో సీటు వెబ్‌సైట్‌లో కొనడానికి కుదరలేదు, ఫోన్ చేయాల్సి వచ్చింది. నలభై నిమిషాలు లైన్లో ఉంచాక ఒకావిడ వచ్చి ప్రయాణికుడి ఇంటిపేరు అడిగింది, చెల్లో అన్నాను. సొంత పేరు అడిగింది, అదీ చెల్లోనే పెట్టమన్నాను. పుట్టిన తేదీ లేకపోతే కంప్యూటర్ ముందుకి కదలడం లేదంది. చెల్లో లోపల అంటించిన చీటీ మీద 2006 అని ఏడాది ఒక్కటే ఉంది. జనవరి 1 వేద్దామా అని అడిగింది. నా స్కూలు సర్టిఫికెట్‌లో హెడ్మాస్టరు గారు జూలై 1 వేసేశారు కాబట్టి నాకేం అభ్యంతరం కనిపించలేదు, వేయమన్నాను. స్టూడెంట్ డిస్కౌంట్ ఏమైనా ఉంటుందా అని కూడా అడిగి చూశాను. లేదట.