ఆ నంబర్ ఇప్పుడు ఎవరిదో

మూడేళ్ల కిందట ఒక రాత్రి మా డేటాబేస్ ఉన్నట్టుండి ఆగిపోయింది. లాగ్‌లలో క్రాష్ లేదు, మెమరీ అయిపోయిన జాడా లేదు, ఎవరో ఆగమంటే పద్ధతిగా ఆగినట్టుంది. తెల్లవారేదాకా తవ్వితే తేలిందేమిటంటే, రూట్‌గా, అంటే అన్ని అధికారాలతో, నడిచే మా పాత రీస్టార్ట్ స్క్రిప్ట్ ఒక ఫైల్‌లో దాచుకున్న పీఐడీని (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి, అంటే ప్రాసెస్‌కి, సిస్టమ్ ఇచ్చే నంబర్) చదివి దానికి కిల్ (ఆగమని చెప్పే సిగ్నల్) పంపింది. ఆ ప్రాసెస్ ఎప్పుడో పోయింది, దాని నంబర్ డేటాబేస్‌కి వచ్చింది.

మనం వదిలేసిన సిమ్ నంబర్ ఇంకొకరికి ఇచ్చేస్తే మన ఓటీపీలు వాళ్లకి వెళ్తాయి కదా, అచ్చం అదే. లినక్స్‌లో పీఐడీల పరిమితి చాలాకాలం డిఫాల్ట్‌గా 32768. అక్కడిదాకా వెళ్లాక కెర్నల్, అంటే సిస్టమ్ గుండెకాయ, మళ్లీ కింది నుంచి ఖాళీ నంబర్లు ఇస్తుంది. 64 బిట్ మెషీన్లలో 41,94,304 దాకా పెంచుకోవచ్చు, దాంతో ప్రమాదం అరుదవుతుందే తప్ప పోదు.

ఇలాంటి లోపమున్న పద్ధతిని పోసిక్స్‌లో, అంటే లినక్స్, ఫ్రీబీఎస్‌డీ లాంటి యూనిక్స్ తరహా సిస్టమ్‌లకి ఉమ్మడిగా రాసిన ప్రమాణంలో, పెట్టొచ్చా? 1988లో మొదటి పోసిక్స్ వచ్చేనాటికి యూనిక్స్‌లన్నీ కిల్‌ని ఇలాగే వాడుతున్నాయి, ఉన్నది ఉన్నట్టు రాశారు, దాన్ని నేను తప్పుపట్టను. పైగా పేరెంట్ ప్రాసెస్‌కి (ఇంకో ప్రాసెస్‌ని, అంటే చైల్డ్‌ని, పుట్టించినదానికి) ఈ పద్ధతి నిజంగానే భద్రం: చైల్డ్ చనిపోయినా పేరెంట్ వెయిట్ చేసేదాకా, అంటే అదెలా ముగిసిందో అడిగి తెలుసుకునేదాకా, అది జాంబీగా మిగిలి నంబర్‌ని పట్టుకునే ఉంటుంది. చిక్కంతా బయటివాళ్లకే, మా స్క్రిప్ట్‌లాంటి వాళ్లకి. ఒక్కోసారి పేరెంట్‌కీ వస్తుంది, మనం వాడే లైబ్రరీ ఏదో మనకి తెలియకుండా చైల్డ్‌లన్నిటికీ వెయిట్ చేసేస్తే.

నా బాధ వేరే. అదే పోసిక్స్ సిగ్నల్స్ విషయంలో ఎంత బాగా చేసిందో చూడండి. పాత యూనిక్స్‌లో సిగ్నల్ ఒకసారి రాగానే మన హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే ఏం చేయాలో మనం రాసుకున్న కోడ్) చెరిగిపోయి డిఫాల్ట్‌కి మారేది, మళ్లీ పెట్టుకునేలోపు రెండోది వస్తే ప్రోగ్రామ్ చచ్చేది. యూనిక్స్ రెండు శాఖల్లో బీఎస్‌డీ దాన్ని సరిచేసింది, సిస్టమ్ ఫైవ్ పాత పద్ధతినే పట్టుకుంది. పోసిక్స్ ఆ తగాదాలోకి దిగకుండా సిగ్‌యాక్షన్ అని కొత్త పేరుతో స్పష్టమైన అర్థం రాసింది, పాత ప్రోగ్రామ్‌లు పాతదాన్నే వాడుకున్నాయి, కొత్తవి బాగుపడ్డాయి. లోపాన్ని రాయండి, పక్కనే దారి కూడా రాయండి, నేను అడిగేది అంతే.

పీఐడీలకి ఆ దారి ఇప్పుడుంది: ప్రాసెస్‌ని నంబర్‌తో కాకుండా ఫైల్ డిస్క్రిప్టర్‌తో (తెరిచినదాన్ని మూసేదాకా పట్టుకోడానికి కెర్నల్ మన ప్రోగ్రామ్‌కి ఇచ్చే గుర్తు) పట్టుకోవడం. ఆ ప్రాసెస్ పోయాక నంబర్ ఎవరికి వెళ్లినా మన డిస్క్రిప్టర్ వాళ్లని తాకదు. ఫ్రీబీఎస్‌డీ 2012లో 9.0 వెర్షన్‌తో దీన్ని తెచ్చింది, లినక్స్‌లో 2019లో ఇదే పిడ్‌ఎఫ్‌డీ అనే పేరుతో వచ్చింది. కానీ రెండూ ఒకలా ప్రవర్తించవు. ఫ్రీబీఎస్‌డీలో చివరి డిస్క్రిప్టర్ మూసేస్తే మామూలుగా ఆ ప్రాసెస్సే చచ్చిపోతుంది, లినక్స్‌లో ఏమీ కాదు! ప్రమాణం కూర్చుని తేల్చాల్సింది సరిగ్గా ఇలాంటిదే, అయినా 2024 పోసిక్స్‌లో ఇది లేదు.

మా స్క్రిప్ట్‌ని మర్నాడే తీసేశాం. ఆ సర్వీస్‌ని ఇప్పుడు సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీస్‌లని నడిపే ప్రోగ్రామ్) పుట్టిస్తుంది, అదే ఆపుతుంది. కానీ లినక్స్, ఫ్రీబీఎస్‌డీ రెండిట్లోనూ నడవాల్సిన మా ఇంకో టూల్‌లో ఒక్క ప్రాసెస్‌ని ఆపడానికి ఇప్పటికీ రెండు వేర్వేరు ఫైళ్లు రాసుకుని ఉన్నాను.