సిగ్నల్ వాళ్ళ సంఘం, నాన్న అడిగిన ఎలుక ప్రశ్న

రైల్వే కాలనీలో పెరిగినవాళ్ళకి సంఘం అంటే యూనియనే. ఎర్రజెండాలు, గేట్ మీటింగులు, బోనస్, పాసులు, ట్రాన్స్‌ఫర్లు. నేను ఐఆర్‌ఎస్‌ఈ అనే సిగ్నల్ ఇంజినీర్ల సంఘంలో చేరానని చెప్పగానే నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "డీఏ గురించి మాట్లాడతారా?" మాట్లాడరు నాన్నా అన్నాను. "మరి ఎదురు డబ్బు కట్టి ఎందుకు చేరావే?"

నాన్న కాజీపేట వైపు సిగ్నల్ మెయింటెయినర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన ప్రశ్నకి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను గానీ, ఇప్పుడు రాస్తున్నాను.

ఐఆర్‌ఎస్‌ఈ అంటే ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ రైల్వే సిగ్నల్ ఇంజినీర్స్. 1912లో లండన్‌లో మొదలైంది. ఆస్ట్రేలియా, హాంకాంగ్, స్విట్జర్లాండ్ లాంటి చోట్ల దీనికి సెక్షన్లు ఉన్నాయి, మనకీ ఇండియన్ సెక్షన్ ఉంది. ఇందులో సభ్యత్వం మనుషులకే, కంపెనీలకి కాదు. ఉద్యోగం మారినా, దేశం మారినా మన సభ్యత్వం మనతోనే వస్తుంది. సికింద్రాబాద్ వాళ్ళకి ఈ లోకం పరాయిదేమీ కాదు. తార్నాకలో రైల్వే సిగ్నల్ ట్రైనింగ్ సంస్థ ఇరిసెట్ 1957 నుంచీ ఉంది. దేశం నలుమూలల నుంచి సిగ్నల్ ఆఫీసర్లు, సూపర్‌వైజర్లు అక్కడికే ట్రైనింగ్‌కి వస్తారు. రైళ్ళు గుద్దుకోకుండా ఆపే కవచ్ సిస్టమ్‌ని మొదట తయారుచేసిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ కంపెనీలే. విదేశీ రైల్వేలకి ఇక్కడ కూర్చుని డ్రాయింగులు గీసే ఆఫీసులు వేరే ఉన్నాయి. నేను చేసేది అలాంటి ఆఫీసులోనే, బ్రిటన్ ప్రాజెక్టులకి డిజైన్ చెకింగ్.

నా పని ఏమిటంటే, పాత సర్క్యూట్ షీటు మీద ఎర్ర గీత ఉంటే కొత్తగా వేయాల్సిన వైరు, ఆకుపచ్చ గీత ఉంటే తీసేయాల్సిన వైరు. రోజంతా ఈ ఎరుపూ ఆకుపచ్చా సరిచూసుకోవడమే. బంధువులకి చెబితే "ఓస్, ఇంతేనా" అంటారు. చేరిన కొత్తలో నాకూ విసుగ్గానే ఉండేది. ఆ విసుగు పోయింది ఐఆర్‌ఎస్‌ఈ పరీక్షకి చదువుతున్నప్పుడు.

అప్పట్లో ఆ పరీక్షలో ఏడు మాడ్యూళ్ళు ఉండేవి. మొదటిది తప్పనిసరి, దానితోపాటు ఇంకో మూడు పాసవ్వాలి. (ఇప్పుడు మొత్తం నాలుగే చేశారు.) ఆదివారాలు కొంతమందిమి ఒక రిటైర్డ్ సిగ్నల్ ఆఫీసరు గారింట్లో చేరేవాళ్ళం. ఆయన పైసా తీసుకోలేదు. సిలబస్ పక్కన పెట్టి ముందు ఒక ప్రమాదం గురించి చెప్పేవారు, ఆ తర్వాతే పుస్తకం తెరిచేవారు. క్లాపమ్ జంక్షన్ గురించి నేను మొదట విన్నది అక్కడే.

1988 డిసెంబర్ 12, సోమవారం పొద్దున, లండన్. బేసింగ్‌స్టోక్ నుంచి వస్తున్న రైలు డ్రైవరు ఎదురుగా ఉన్న ఆకుపచ్చ సిగ్నల్ ఉన్నట్టుండి ఎర్రగా మారడం చూశాడు. రూలు ప్రకారం తర్వాతి సిగ్నల్ దగ్గర బండి ఆపి, ఆ సంగతి ఫోన్ చేసి చెప్పడానికి దిగాడు. అతని బండి అక్కడ నిలబడి ఉన్నంతసేపూ వెనకాల సిగ్నల్ ఎర్రగా ఉండాలి. లేదు. పూల్ నుంచి వస్తున్న రైలు వచ్చి గుద్దింది. 35 మంది చనిపోయారు.

కారణం ఒక్క వైరు. పాత సిగ్నలింగ్ మార్చి కొత్తది పెట్టే పనిలో తీసేయాల్సిన పాత వైరు అది, అంటే నా భాషలో ఆకుపచ్చ గీత. టెక్నీషియన్ దాన్ని రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) దగ్గర విప్పి పక్కకి వంచాడు. చివర కత్తిరించలేదు, టేపు చుట్టలేదు. రెండో కొస ఫ్యూజు దగ్గర అలాగే ఉండిపోయింది. రెండు వారాల తర్వాత ఓ ఆదివారం పక్క రిలే మార్చే పనిలో ఆ వైరు కదిలి మళ్ళీ పాత చోటికే వచ్చి తగిలింది. ట్రాక్ మీద బండి ఉన్నా, డ్రాప్ కావాల్సిన రిలే పికప్‌లోనే ఉండిపోయింది, అంటే ట్రాక్ ఖాళీ అనే చెబుతూ పోయింది.

వైర్ కౌంట్ చేసి ఉంటే దొరికిపోయేది. అది పెద్ద విద్యేం కాదు. రిలే బేస్ వెనక ఏ1 మీద ఎన్ని వైర్లుండాలి, ఏ2 మీద ఎన్ని, కాయిల్ టెర్మినళ్ళ మీద ఎన్ని అన్నది కాగితం మీద ఉంటుంది. టార్చి వేసుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి. ఆ పని వైరు వేసినవాడు కాకుండా ఇంకొకరు చేయాలి. అక్కడ ఎవరూ చేయలేదు. విచారణ జరిపిన ఆంథొనీ హిడెన్ రిపోర్టులో ఇంకో మాట ఉంది: ఆ టెక్నీషియన్‌కి అంతకుముందు 13 వారాల్లో దొరికిన సెలవు ఒక్కరోజు.

ఇది నాన్నకి చెప్పినప్పుడు ఆయన వైరు గురించి ఏమీ అడగలేదు. "సెలవు ఇవ్వనోడి మీద ఏం యాక్షన్ తీసుకున్నారు?" అన్నారు.

హిడెన్ విచారణ తర్వాతే ఐఆర్‌ఎస్‌ఈ 1994లో లైసెన్సింగ్ స్కీము తెచ్చింది. డిజైనర్, ఇన్‌స్టాలర్, టెస్టర్, మెయింటెయినర్, ఎవరి పనికి వారికి విడిగా లైసెన్సు. డిగ్రీ ఉంటే సరిపోదు, లాగ్‌బుక్ రాయాలి, చేస్తున్న పనిని ఎదురుగా చూసి అంచనా వేస్తారు. నాకు ఈ సంఘం మీద గౌరవం కలిగింది ఇక్కడే. ప్రమాదం జరిగాక సంతాప తీర్మానం చేసి ఊరుకోకుండా, పని చేసేవాడి చేతిని పరీక్షించే పద్ధతి పెట్టారు.

మన దగ్గర 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ రైలు ప్రమాదంలో 290 మందికి పైగా పోయారు. సేఫ్టీ కమిషనర్ విచారణ అక్కడ కూడా సర్క్యూట్ మార్పుల్లో జరిగిన లోపాల దగ్గరికే వచ్చి ఆగింది. నార్త్ సిగ్నల్ గుమ్టీలో (సిగ్నల్ పరికరాలుండే చిన్న గదిలో) ఎప్పుడో చేసిన మార్పు ఒకటి, 94వ లెవెల్ క్రాసింగ్ గేటు బ్యారియర్ మార్చే పని ఇంకోటి. ఆ వారం మా ఆఫీసులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

ఇక నాన్న సంగతి. ఒకసారి మా ఊళ్ళోనే సాయంత్రం టెక్నికల్ మీటింగ్ ఉంటే ఆయన్నీ తీసుకెళ్ళాను. యాక్సిల్ కౌంటర్ల (ట్రాక్ మీద బండి ఉందో లేదో చక్రాలు లెక్కపెట్టి చెప్పే పరికరాల) హెల్త్ ఫోన్లోనే చూసుకోవచ్చని ఒకాయన స్లైడ్ల మీద స్లైడ్లు చూపిస్తున్నాడు. చివర్లో ప్రశ్నలు అడగమంటే నాన్న లేచి నిలబడ్డారు. నాకు టెన్షన్.

"ట్రాక్ పక్కనుండే లొకేషన్ బాక్సులో ఎలుక కేబుల్ కొరికితే ఈ ఫోను ముందే చెబుతుందాండీ, బండ్లు ఆగాక చెబుతుందా?"

హాల్లో నవ్వారు. కానీ మాట్లాడుతున్నాయన నవ్వలేదు. ముందే చెప్పలేదని ఒప్పుకుని, మరి మీరేం చేసేవారని తిరిగి అడిగాడు. నాన్న కేబుల్ ఎంట్రీ దగ్గర ఇసుక నింపి సీల్ చేయడం దగ్గర్నుంచి, వానాకాలం ముందు మెగ్గరింగ్ (కేబుల్ ఇన్సులేషన్ పరీక్ష) దాకా చెప్పుకుపోయారు. పని కోసం సిగ్నల్ పరికరం విప్పుతామని డిస్కనెక్షన్ మెమో ఇస్తే బండ్లున్నాయని స్టేషన్ మాస్టర్ ఒప్పుకోకపోవడం, పైవాళ్ళు మాత్రం పని అయిపోవాలనడం కూడా చెప్పారు. వెనక వరసలో కూర్చున్న సీనియర్ ఆఫీసరొకాయన టీ టైములో వచ్చి నాన్న పక్కన నిలబడి సమోసా తింటూ ఇంకాసేపు అడిగి తెలుసుకున్నారు. సర్వీసులో ఉండగా ఆ ర్యాంకు ఆఫీసరు ఇన్‌స్పెక్షన్‌కి వస్తే నాన్న రెండురోజుల ముందు నుంచీ బాక్సులకి పెయింటు వేసుకుంటూ ఉండేవారు.

అలాగని అంతా బాగుందని చెప్పను. ఆ హాల్లో మెయింటెయినర్‌గా పనిచేసినవాడు మా నాన్న ఒక్కడే. లండన్ సంస్థ కాబట్టి ఫీజు లెక్క పౌండ్లలో ఉంటుంది, పైగా మాట్లాడేదంతా ఇంగ్లీషు. కొన్ని సాయంత్రాలు కంపెనీల అమ్మకం ప్రచారంలా తేలిపోతాయి, అలాంటప్పుడు నేను సగంలో లేచి వచ్చేస్తాను. వైరు చేత్తో ముట్టుకునేవాడు గదిలో లేకుండా సేఫ్టీ గురించి ఎంత మాట్లాడుకున్నా అది సగం మాటే.

అందుకే మాకు తెలిసిన నలుగురం కలిసి తెలుగులో ఒక సాయంత్రం పెట్టాలనుకుంటున్నాం. ఫీజు లేదు, స్లైడ్లు లేవు. మొదటి టాపిక్ లొకేషన్ బాక్సు, మాట్లాడేది నాన్న. కాజీపేట, విజయవాడ, గుంతకల్ వైపు సిగ్నల్ మెయింటెయినర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, రెండో టాపిక్ ఏం పెట్టాలో మీరే చెప్పండి. పట్టాలు మార్చే పాయింట్ మెషీన్ అని నాన్న పట్టు, నాకైతే వైర్ కౌంట్ పెట్టాలని ఉంది.