మొదటి సెమిస్టర్‌లో ఏ ల్యాబ్ తీసుకోవాలి?

అమెరికాలో పిల్లలు చరిత్ర చదివినా, ఎకనామిక్స్ చదివినా, చాలా కాలేజీల్లో డిగ్రీ చేతికి రావాలంటే ల్యాబ్‌తో కూడిన సైన్స్ కోర్సు కనీసం ఒకటి చేసి తీరాలి. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుని బయాలజీకి అక్కడితో దణ్ణం పెట్టేసిన మనకు ఇది వింతే. "హిస్టరీ చదివే పిల్లకు ల్యాబ్ ఎందుకు వదినా?" అని మా అమ్మాయి గురించి మా ఆడపడుచు ఫోన్‌లో అడిగింది. వెంటనే తనే, "ఎలాగూ తప్పదంటున్నావుగా, కెమిస్ట్రీ తీసుకోమను. రేపు మెడిసిన్ మీదికి మనసు మళ్లినా పనికొస్తుంది" అంది.

నేను ఒప్పుకోలేదు. మెడిసిన్ ఆలోచన నిజంగా ఉన్న పిల్లలు జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్, బయాలజీ, ఫిజిక్స్ అన్నీ ల్యాబులతో సహా చేయాల్సిందే. ఆ ఆలోచనే లేని పిల్లను, ఇల్లు వదిలి వెళ్లిన తొలి నెలల్లోనే, వాళ్ల మధ్య కూర్చోబెట్టడం అన్యాయం. రూమ్మేట్‌తో సర్దుకోవడం, వేళకు తినడం, తన బట్టలు తను ఉతుక్కోవడం, ఇవన్నీ కూడా అప్పుడే నేర్చుకోవాలి కదా.

క్రెడిట్లు, అంటే ఒక్కో కోర్సు బరువును చెప్పే అంకెలు, చూసి మోసపోకూడదు. నాలుగు క్రెడిట్ల కోర్సులో తరచుగా మూడు లెక్చర్‌కి, ఒకటి ల్యాబ్‌కి. ఆ ఒక్క క్రెడిట్ కోసం వారానికి రెండు మూడు గంటలు ల్యాబ్‌లో నిలబడాలి, ఆపైన రిపోర్టు. మన రోజుల్లో ఏడాదంతా రికార్డు రాసుకుని, చివర్లో 30 మార్కుల ప్రాక్టికల్ పరీక్ష రాసేవాళ్లం. ఇక్కడ ప్రతి వారం మార్కులే. అందుకే మా అమ్మాయిని ముందుగా కనుక్కోమన్నది ఒక్కటే: రిపోర్టు ల్యాబ్‌లోనే పూర్తి చేసి ఇచ్చేయొచ్చా, గదికి తెచ్చుకుని రాత్రంతా రాయాలా?

తను జియాలజీ తీసుకుంది, ఇతర మేజర్ల (ప్రధాన సబ్జెక్టుల) వాళ్ల కోసం పెట్టిన కోర్సు. తేలికైనదే, కానీ ఉత్తది కాదు. నల్లగా మెరిసే హెమటైట్‌ను మెరుపు పూత లేని పింగాణీ పలక మీద గీస్తే ఎర్రమట్టి రంగు గీత పడుతుందట. కాల్సైట్ మీద పలుచటి యాసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగుతుందట. ఆ వారం వీడియో కాల్‌లో, "అమ్మా, ప్రొద్దుటూరులో అమ్మమ్మ వంటింటి గట్టు ఏం రాయి?" అని అడిగింది. కడప బండ అన్నాను. "సున్నపురాయే! అందుకే నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది" అని ఎగిరి గంతేసింది. చింతపండు గిన్నె గట్టు మీద పెడితే మా అమ్మ ఎందుకు కేకలేసేదో నాకూ అప్పుడే తెలిసింది.

ఫ్రెష్‌మెన్‌కి, అంటే మొదటి ఏడాది పిల్లలకి, రిజిస్ట్రేషన్ వంతు చాలాచోట్ల చివర్లో వస్తుంది, ఇలాంటి సెక్షన్లు ఈలోపే నిండిపోతాయి. అందుకని రెండు మూడు కోర్సులు రాసి పెట్టుకోమనండి. ఇంకో సంగతి. విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం వల్ల కాలేజీ పిల్లల మార్కులు సాధారణంగా వాళ్లు చూపిస్తేనే మనకు తెలుస్తాయి. సెమిస్టర్ మొదట్లో ఉండే డ్రాప్ గడువు దాటాక మానేస్తే ట్రాన్స్‌క్రిప్ట్‌లో (మార్కుల పత్రంలో) డబ్ల్యూ, అంటే కోర్సు మధ్యలో మానేశారనే గుర్తు, పడుతుంది. కాబట్టి ల్యాబ్ ఎలా ఉందో ఆ గడువులోపే, తీరిగ్గా కూర్చోబెట్టి అడగండి.