విశాఖలో ఒక ముహూర్తం రాత్రి

మంచి ముహూర్తం పడిన రోజు ఏ ఊళ్ళోనూ ఫోటోగ్రాఫర్ ఖాళీగా దొరకడు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో వచ్చే మూఢాలు తీసేస్తే మిగిలిన కొద్ది తేదీల్లోనే అందరి పెళ్ళిళ్ళూ జరగాలి. ఒక్కో స్టూడియోకి ఒకే రాత్రికి మూడు నాలుగు పెళ్ళిళ్ళు వచ్చి పడతాయి. సొంత మనుషులు చాలరు, పక్క ఊళ్ళకు ఫోన్లు వెళ్తాయి. ఈ వైశాఖంలో విశాఖపట్నం నుంచి నాకు వచ్చిన ఫోన్ అలాంటిదే. క్యాండిడ్, అంటే ఫోజు పెట్టించకుండా తీసే ఫోటోలు, నేను తీయాలి, స్టేజీ సంగతి వాళ్ళ సీనియర్ చూసుకుంటారు. బెజవాడలో నేను చేసేది ఇదే పని కాబట్టి రేటు మాట్లాడుకుని ఒప్పుకున్నాను.

రైలెక్కాను. కెమెరా బ్యాగు పైన పెట్టి కింద కూర్చోవడం నా వల్ల కాదు, ఎంత దూరమైనా ఒళ్ళోనే. ఏలూరు దాటాక స్టూడియో వాళ్ళు పంపిన శుభలేఖ ఫోన్‌లో తెరిచి చదవడం మొదలుపెట్టాను. మాకు కావలసిందంతా అందులోనే ఉంటుంది. ముహూర్తం ఎన్నింటికి, విందు ముందా తరవాతా, ఆహ్వానించేవాళ్ళలో తాతగారు, నాయనమ్మ ఉన్నారా, మేనమామలు ఎంతమంది. మేనమామలు ఇద్దరు ముగ్గురు ఉంటే పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చేటప్పుడు చుట్టూ మనుషులు ఎక్కువ అవుతారు, అమ్మాయి ముఖం కనబడాలంటే ఎదురుగా ముందే చోటు చూసుకోవాలి. ఈ పెళ్ళి ముహూర్తం అర్ధరాత్రి దాటాక. అంటే మొత్తం లైట్ల కిందే. మా పనిలో వెలుగును ఎంచుకునేది మేము కాదు, పంచాంగం చూసే సిద్ధాంతి గారు.

గోదావరి, సామర్లకోట, తుని. అనకాపల్లిలో బెల్లం గుర్తొచ్చి, ఎల్లుండి రాత్రి ఆ పెళ్ళిపీటల మీదికి వచ్చే బెల్లం ఇక్కడిదే అయ్యుంటుందనుకున్నాను. విశాఖలో దిగేసరికి చీకటి పడుతోంది. ప్లాట్‌ఫారం మీదే చెమట. స్టూడియో కుర్రాడు బండి మీద మద్దిలపాలెంలో గదికి తీసుకెళ్తూ దారిలోనే చెప్పాడు: "అన్నా, గదిలో ఏసీ వేసుకో, కానీ కెమెరా బ్యాగు మాత్రం బయట వరండాలో పెట్టు."

ఆ మాట విలువ తెల్లవారుజామున తెలిసింది. పెళ్ళికి ముందు రోజు పొద్దున్నే జంటకు బీచిలో కొన్ని ఫోటోలు తీయాలి. చల్లటి గదిలో ఉన్న లెన్సును సముద్రపు గాలిలోకి తెస్తే గాజు మీద తేమ పట్టేస్తుంది. తుడిచినకొద్దీ మళ్ళీ పడుతుంది, లెన్సు వేడెక్కేదాకా చేసేదేమీ ఉండదు. ఈ ఊరి ఫోటోగ్రాఫర్లకు ఇది రోజూ ఉండే బాధ. తేమకు లెన్సు లోపల బూజు కూడా పడుతుంది కాబట్టి బ్యాగు నిండా తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసుకుంటారు. ఇసుక మీద నిలబడి లెన్సు మార్చరు. రెండు లెన్సులు కావాలంటే రెండు కెమెరా బాడీలు మెడలో వేసుకుంటారు. ఇంటికెళ్ళగానే కెమెరాను తడి గుడ్డతో, తరవాత పొడి గుడ్డతో తుడుస్తారు, ఉప్పు పోవాలి కదా.

విశాఖ వెలుగు గురించి కొంచెం చెప్పాలి. ఇక్కడ సముద్రం తూర్పున. సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు, వైశాఖంలో ఐదున్నరకల్లా పైకి వచ్చేస్తాడు. సినిమాల్లో చూసి చాలామంది జంటలు "సాయంత్రం సముద్రంలో సూర్యుడు దిగుతుంటే" అని అడుగుతారు. తూర్పు తీరంలో అది కుదరదు. సాయంత్రం సూర్యుడు మన వెనక కొండల చాటుకు పోతాడు. ఆర్.కె.బీచిలో నిలబడితే చీకటి పడకముందే నీడ వచ్చేస్తుంది. నాకైతే ఆ నీడే ఇష్టం. సూర్యుడు కనబడకపోయినా ఆకాశం ఇంకా తెల్లగా ఉంటుంది, ముఖం మీద గట్టి నీడలు పడవు, పట్టుచీర రంగు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. పొద్దున్న మాత్రం తొందర. సూర్యుడు లేచిన అరగంటకే ఎండ కళ్ళలో పడి జంట ఇద్దరూ కళ్ళు చిట్లించడం మొదలుపెడతారు.

ఆ పొద్దున్న కురుసుర ముందు రోడ్డు మీద కొన్ని తీశాం. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన జలాంతర్గామి అది, మరుసటి ఏడే మ్యూజియం అయింది. పెళ్ళికొడుకు తండ్రి నేవీలో పనిచేసి రిటైరయ్యారు, అందుకే అక్కడ ఫోటో కావాలని అడిగారు. డ్రోన్ ఎగరేయమని కూడా అడిగారు కానీ స్టూడియో వాళ్ళు ముందే వద్దని చెప్పేశారు. తూర్పు నౌకాదళం ప్రధాన స్థావరం ఉన్న ఊరు ఇది, నేవీ వాళ్ళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా కూడా ఇక్కడే ఉంది. అనుమతి లేకుండా డ్రోన్ లేపితే కేసు అవుతుంది. వేరే ఊళ్ళ నుంచి వచ్చే మాలాంటివాళ్ళు ఈ సంగతి బుకింగ్ రోజే పార్టీకి చెప్పడం మంచిది.

అక్కడి నుంచి భీమిలి రోడ్డు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర తీద్దామని అమ్మాయి అడిగింది. వేల ఏళ్ళుగా పోగుపడి గాలికీ వానకీ చెక్కుకుపోయిన ఇసుక దిబ్బలవి, రక్షిత ప్రదేశం. కింద బాట వరకే ఉందామని, దిబ్బల అంచులెక్కి నిలబడే ఫోజులు వద్దని నేను గట్టిగానే చెప్పాను. ఒక్క ఫోటో కోసం కాలు వేస్తే జారిపోయిన అంచు మళ్ళీ రాదు. పైగా ఆ ఎరుపు ముఖం మీద ప్రతిఫలించి చర్మం రంగు మారిపోతుంది, తరవాత కంప్యూటర్ ముందు కూర్చుని దాన్ని సరిచేయడం పెద్ద పని. అమ్మాయి ఒప్పుకుంది. బాట మీద నడుస్తూ తీసిన ఫోటోలు చాలా బాగా వచ్చాయి.

సాయంత్రం మధురవాడ వైపు ఫంక్షన్ హాలు చూడటానికి వెళ్ళాను. స్టేజీ ఫోటోగ్రాఫర్ పెద్దాయనను అక్కడే కలిశాను. అరవై దాటాయి. అందరూ మాస్టారూ అంటారు. స్టేజీ వెనక ఎల్ఈడీ తెర వెలిగించి పెట్టించి, కెమెరాతో దాన్నే తీసి చూసుకుంటున్నారు.

"ఏటి తమ్ముడూ, ఏం స్పీడులో తీస్తావు?" అన్నారు.

నా షట్టర్ స్పీడు చెప్పాను. "ఈ తెర ముందు అలగైతే గీతలు పడతాయి. నూటికి దించుకో" అన్నారు, అంటే సెకనులో నూరో వంతుకు. తీసి చూసుకుంటే నిజమే, నా ఫోటోలో తెరంతా అడ్డగీతలు. మరుసటి రాత్రి టెన్షన్ సగం అక్కడే తగ్గింది.

పెళ్ళి రాత్రి ఎనిమిదింటికే హాలు నిండిపోయింది. స్నాతకం, కాశీయాత్ర, గౌరీపూజ, అన్నీ ఒకదాని వెనక ఒకటి. నేను హాలంతా తిరుగుతున్నాను, క్యాండిడ్ అంటే అదే. పెళ్ళికూతురి గదిలో బాసికం కడుతున్న అత్తయ్య, పంచె జారిపోతోందని అవస్థ పడుతున్న తోడిపెళ్ళికొడుకు, వంటశాలలో పనసపొట్టు కూరకు ఆవ కలుపుతున్న వంటవాళ్ళు. మాస్టారు మాత్రం స్టేజీ మెట్ల దగ్గర ఒక చోటు పట్టుకుని అక్కడి నుంచి కదలలేదు. మంచినీళ్ళు తాగడానికి కూడా వెళ్ళలేదు.

ముహూర్తం దగ్గర పడ్డాక ఆయన పని చూశాను. నేను ఇన్నాళ్ళూ జీలకర్ర బెల్లం తీసేది అడ్డుతెర మీద కన్నేసి. తెర కదిలితే నొక్కుతాను. ఆయన తెర వైపే చూడటం లేదు.

"నువ్వు తెర చూస్తన్నావు. నేను అయ్యగారి చెయ్యి చూస్తన్నాను" అన్నారు మెల్లిగా. "ఆయన కుడిచెయ్యి సన్నాయి వాళ్ళకేసి లేస్తాది చూడు. అప్పుడు ఊపిరి బిగబట్టు."

అలాగే అయింది. పురోహితుడి చెయ్యి లేచింది, గట్టిమేళం అందుకున్నారు, తమలపాకు మీది జీలకర్ర బెల్లాన్ని ఇద్దరి చేతులూ ఎదుటివాళ్ళ తల మీదికి తెచ్చాయి. తెర దిగి ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్న ఆ కొద్ది సెకన్లు నాకు కూడా దొరికాయి. మంగళసూత్రం దగ్గర ఇంకా కష్టం. "మాంగల్యం తంతునానేన" మొదలవగానే హాలంతా లేచి నిలబడుతుంది, ఫోన్లు పైకి లేస్తాయి, అక్షతలు వర్షంలా పడతాయి. మాస్టారు అంతకు ముందే ఒక స్టూలు తెప్పించుకుని, పెళ్ళికొడుకు ఎడమ భుజం వెనక, పురోహితుడికి అడ్డం రాని మూల చూసి పెట్టుకున్నారు. "అయ్యగారూ, ఒక్కసారి ఆగండి" అని ఆయన ఎప్పుడూ అనరట. మంత్రం ఆపించి ఫోటో తీయడం ఆయన లెక్కలో తప్పు. నాకు కూడా ఆ మాట సబబే అనిపించింది. ముడి వేస్తున్న చేతులను ఆపించి, మళ్ళీ వేయించి తీసిన ఫోటో పెళ్ళి ఫోటో ఎలా అవుతుంది?

తలంబ్రాలు అయ్యాక అరుంధతి నక్షత్రం చూపించడానికి జంటను బయటికి తీసుకెళ్ళారు. హాలు ఏసీలోంచి బయటికి రాగానే నా లెన్సు మసకబారింది. మాస్టారు నవ్వి, చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకున్న ఇంకో లెన్సు తీసి ఇచ్చారు. అది వెచ్చగా ఉంది, తేమ పట్టలేదు.

ఆ తరవాత వరస ఫోటోలు. రిసెప్షన్ విడిగా పెట్టుకోలేదు కాబట్టి చుట్టాలు, స్నేహితులు, ఆఫీసు వాళ్ళు, కాలనీ వాళ్ళు అందరూ స్టేజీ ఎక్కి దీవించి, కవరు చేతిలో పెట్టి, ఫోటో దిగి వెళ్ళాలి. రెండు గంటలకు పైగా అదే వరస. ఇది మా వృత్తిలో ఎవరికీ నచ్చని పని. కుర్రాళ్ళెవరూ స్టేజీకి రామంటారు. క్యాండిడ్‌కి రేటు ఎక్కువ, పేరు ఎక్కువ, ఇన్‌స్టాగ్రామ్‌లో కనబడేవి అవే. స్టేజీ మీద నిలబడేవాడికి వాటిలో సగం డబ్బులు కూడా రావు. మాస్టారు ఒక్కొక్క గుంపునూ సర్దుతున్నారు. పొడుగు మనిషిని వెనక్కి, పిల్లాణ్ణి ముందుకి, "అమ్మా, కొంగు సర్దుకోండి", "తాతగారూ, కళ్ళజోడు కొంచెం కిందికి, లైటు కొడతన్నాది." కర్ర పట్టుకుని మెట్లెక్కిన ఒక పెద్దావిడను కూర్చోబెట్టి, గుంపుతో తీసినది కాక ఆవిడ ఒక్కర్తినీ విడిగా తీశారు. వెనక వరస పెరిగిపోతున్నా తొందరపడలేదు.

తెల్లవారుతుంటే అప్పగింతలు. అమ్మాయి చేతులు పాలలో ముంచి అత్తింటివాళ్ళ చేతుల్లో పెడుతుంటే అందరూ ఏడుస్తున్నారు. అక్కడ మేమిద్దరం కెమెరా తక్కువ వాడాం.

కారు వెళ్ళిపోయాక మెమరీ కార్డులను రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ పెట్టుకుని, హాలు బయట టీ బండి దగ్గర కూర్చున్నాం. కాపీ అయ్యేదాకా మాలో ఒకడు ల్యాప్‌టాప్ పక్క నుంచి లేవకూడదు, అది ఎక్కడైనా ఒకటే రూలు. ఆయన తన మొదటి రోజుల సంగతి చెప్పారు. యాషికా కెమెరా, రోలుకు 12 ఫోటోలు. పైనుంచి వంగి గాజులోకి చూడాలి, అందులో బొమ్మ కుడిఎడమలు తారుమారుగా కనబడుతుంది. ఒకసారి ఫ్లాష్ కొడితే మళ్ళీ ఛార్జ్ అయ్యేదాకా ఆగాలి. పెళ్ళి మొత్తానికి రెండు మూడు రోళ్ళు ఇచ్చేవారట. అందుకే ఏ మంత్రం తరవాత ఏం జరుగుతుందో నేర్చుకోక తప్పలేదు, పురోహితుల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నారు.

ఆ పెద్దావిడను విడిగా ఎందుకు తీశారని అడిగాను.

"మరేటి తమ్ముడూ, ఈ ఊళ్ళో గోడల మీద దండేసిన ఫోటోల్లో ఎన్నో నేను స్టేజీ మీద తీసినవే. ముసలోళ్ళు మంచి బట్టలు కట్టుకుని, మంచి లైటులో, తిన్నగా నిలబడి ఫోటో దిగేది మనవల పెళ్ళిలోనే. పోయాక ఇంట్లోవాళ్ళు ఆల్బమ్ పట్టుకుని నా దగ్గరికే వస్తారు. ఈ ముక్క పెద్దది చేసియ్యి మాస్టారూ అని. గుంపులోంచి కోస్తే భుజం మీద ఇంకోళ్ళ చెయ్యి ఉంటాది. అందుకే విడిగా ఒకటి తీస్తాను. ఎవరికీ చెప్పను, డబ్బులు అడగను."

నేను తీసిన క్యాండిడ్ ఫోటోలంటే నాకు ప్రేమే, వాటికోసం రాత్రంతా కాళ్ళరిగేలా తిరుగుతాను. కానీ మేం ఆల్బమ్ డిజైన్ చేసేటప్పుడు ఏం చేస్తున్నాం? ముందు పేజీలన్నీ క్యాండిడ్, పేజీకి ఒకటి. వరస ఫోటోలు చివర్లో పేజీకి తొమ్మిదీ పదీ, స్టాంపుల్లా. ఇంటికి చుట్టాలొస్తే తిప్పి తిప్పి వెతుక్కునేది ఆ చివరి పేజీలనే, "ఇదిగో మా పెద్దమ్మ" అని వేలు పెట్టి చూపించేదీ అక్కడే. ఈ పెళ్ళి ఆల్బమ్‌లో పెద్దవాళ్ళ ఫోటోలు పేజీకి రెండుకు మించి వద్దని స్టూడియోకి చెప్పాను. పేజీలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుందన్నారు. పెళ్ళికూతురి తండ్రికే ఫోన్ చేసి వివరించాను. ఆయన వెంటనే సరే అన్నారు.

మధ్యాహ్నం రైలు దాకా కొంచెం సేపు ఉందని బీచి రోడ్డుకు వెళ్ళి ముంత మసాలా తిని వచ్చాను. నిద్ర లేక సముద్రం కూడా సరిగ్గా చూడలేదు.

శ్రావణంలో బెజవాడలో నాకొక పెళ్ళి ఉంది. స్టేజీకి మాస్టారినే అడగాలని రైల్లోనే నిర్ణయించుకున్నాను. నా రేటూ ఆయన రేటూ ఒకటేనని పార్టీకి ముందే చెప్పి ఒప్పించాను. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేస్తే డబ్బుల మాట ఆయన పట్టించుకోనే లేదు.

"ముహూర్తం ఎన్నింటికి? అయ్యగారు ఏ ఊరాయన? ఆయన నెంబరు పంపు, ముందోసారి మాటాడతాను" అన్నారు.