చైనా అక్షరాల టాపిక్: మార్కులు ఎక్కడ పోతాయి, ఎక్కడ వస్తాయి

ఆర్ట్ హిస్టరీ పీహెచ్‌డీ ఎంట్రన్స్ రిజల్ట్స్ వచ్చినప్పటి నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు: "చైనా క్వశ్చన్‌కి ఏం రాశావ్?" సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను. అజంతా, బెంగాల్ స్కూల్, క్యూబిజం అందరూ నూరిపోసుకునే వస్తారు. తేడా వచ్చేది ఇలాంటి పక్క టాపిక్స్‌లోనే. అందుకే ఈ పోస్ట్ అంతా ఆ క్వశ్చన్ వచ్చిన ఒక్క టాపిక్ మీదే: సమకాలీన చైనా కళలో లిపి.

ముందు మార్కులు పోయే ఆన్సర్ ఎలా ఉంటుందో చూడండి. "చైనాలో కాలిగ్రఫీకి వేల ఏళ్ల చరిత్ర ఉంది. కవిత్వం, చిత్రం, కాలిగ్రఫీ మూడూ ఒకటిగా పెరిగాయి. ఆధునిక కళాకారులు ఆ సంప్రదాయాన్ని కొత్తగా కొనసాగించారు. ఉదాహరణకు షూ బింగ్..." చదవడానికి బాగుంది, ఇందులో పెద్దగా తప్పూ లేదు. మార్కులు మాత్రం సగం కూడా రావు. ఎందుకంటే షూ బింగ్ పేరు తీసేసి ఇంకెవరి పేరు పెట్టినా ఆ పేరా అలాగే నిలబడుతుంది. పైగా దాని దన్నుతో అసలు తప్పు ఒకటి దూరుతుంది: షూ బింగ్ ప్రసిద్ధ రచన 'బుక్ ఫ్రమ్ ద స్కై'ని కాలిగ్రఫీ అని రాసేయడం. అందులో కుంచెతో రాసిన గీత ఒక్కటీ లేదు. అదంతా అచ్చు. షూ బింగ్ బీజింగ్ సెంట్రల్ అకాడమీలో ప్రింట్‌మేకింగ్ చదివినవాడు. అతను ఎంచుకున్నది పుస్తకాల్లో కనిపించే 'సోంగ్' అచ్చు అక్షరం, ఎవరి చేతిరాతా కనిపించని అక్షరం. కాలిగ్రఫీ అంటే చేతి జాడ. ఇక్కడ ఆ జాడను కావాలని తుడిచేశాడు. ఈ ఒక్క పాయింట్ పడితే ఆన్సర్ షీట్ దిద్దేవాళ్లు నిటారుగా కూర్చుంటారు.

ఇక అసలు తలుపు తెరుచుకునే చోటు. మనం తెలుగువాళ్లం కాబట్టి మనకు ఒక అడ్డంకి ఉంది, దాన్నే మెట్టు చేసుకోవాలి. "ఝ్వౌటం" అని రాశాననుకోండి. అలాంటి మాట ఏ నిఘంటువులోనూ లేదు. అయినా మీరు చదివేశారు. హల్లు, వత్తు, గుణింతం కలిస్తే నోరు దానంతటదే తిరుగుతుంది. మన లిపిలో అర్థం లేని మాట రాయగలం గానీ, గుర్తులన్నీ మనవే పెట్టి పలకడానికి వీలుకాని అక్షరం రాయడం కష్టం.

చైనా అక్షరం అలా కాదు. ఎక్కువ అక్షరాల్లో ఒక భాగం అర్థం వైపు చెయ్యి చూపిస్తుంది, ఇంకో భాగం ఉచ్చారణ వైపు. 'అమ్మ' అనే అక్షరం ఎడమ సగం 'స్త్రీ', కుడి సగం 'గుర్రం'. అమ్మకీ గుర్రానికీ ఏ సంబంధమూ లేదు, గుర్రాన్ని 'మా' అంటారు, ఆ శబ్దం కోసం తెచ్చి పెట్టారు. ఇప్పుడు ఎడమ పక్కన మూడు చుక్కల నీటి గుర్తు పెట్టి, కుడి పక్కన ఎప్పుడూ దానితో జతకట్టని ముక్క తెచ్చి అతికించండి. చదువుకున్న చైనీయుడు చూడగానే "నీళ్లకు సంబంధించినదేదో" అనుకుంటాడు. పలకబోతాడు. గొంతులో ఏమీ లేదు. భాగాలన్నీ నిజం, మొత్తం అబద్ధం. షూ బింగ్ చేసింది ఇదే, అదీ నాలుగు వేలకు పైగా అక్షరాలతో. రోజువారీ చదువుకు కావలసిన అక్షరాలు కూడా దాదాపు అన్నే. అంటే ఒక సమాజానికి సరిపడా లిపిని తయారుచేసి, అందులో ఒక్కటీ చదవడానికి వీల్లేకుండా చేశాడు.

చైనీస్‌లో 'బుక్ ఫ్రమ్ ద స్కై' పేరు 'తియన్‌షు'. మాటకు మాట 'ఆకాశ గ్రంథం'. వాడుకలో ఎవరికీ కొరుకుడుపడని రాత అని అర్థం. మనం డాక్టర్ చీటీ చూసి "బ్రహ్మరాత" అంటామే, సరిగ్గా అదే. తెలుగు మీడియంలో రాసేవాళ్లు ఈ మాట ధైర్యంగా వాడొచ్చు.

తయారీ గురించి రెండు వాక్యాలైనా తప్పకుండా రాయండి. ఒక్కో అక్షరాన్నీ చెక్క దిమ్మె మీద తిరగేసి చెక్కి, దిమ్మెలను పేజీగా పేర్చి, సంప్రదాయ పద్ధతిలో చేత్తో అచ్చు తీసి, కుట్టి పుస్తకాలు చేయించాడు. నాలుగు సంపుటాలు ఒక సెట్టు. పేజీల్లో శీర్షికలు ఉంటాయి, మార్జిన్‌లో సన్నక్షరాల వ్యాఖ్యానం ఉంటుంది, విషయసూచిక కూడా ఉంటుంది. పాత గ్రంథంలో ఉండాల్సిన మర్యాదలన్నీ ఉన్నాయి, గ్రంథం ఒక్కటే లేదు. ప్రదర్శనలో పుస్తకాలు నేల మీద తెరిచి వరుసగా పరిచి ఉంటాయి, పై కప్పు నుంచి పొడవాటి కాగితాలు ఊయలల్లా వేలాడతాయి, గోడలకు కూడా అచ్చు కాగితాలే. చూసేవాడు తలెత్తినా దించినా లిపే. తేదీల దగ్గర జాగ్రత్త: రచనాకాలం 1987–91, మొదటి ప్రదర్శన 1988 అక్టోబరు, బీజింగ్ జాతీయ గ్యాలరీలో. 1989 ఫిబ్రవరిలో అదే చోట జరిగిన 'చైనా/అవాంగార్డ్' ప్రదర్శనలోనూ ఉంది. ఆప్షన్లలో ఈ సంవత్సరాలన్నీ కనిపిస్తాయి. అడిగింది 'పూర్తి రచన' గురించా, 'తొలి ప్రదర్శన' గురించా అన్నది చదివాకే టిక్ పెట్టండి.

"ఎందుకు చేశాడు" అన్న చోట "పాశ్చాత్య ప్రభావం" అని రాసి వదిలేయకండి. కారణాలు ఇంటి దగ్గరే ఉన్నాయి. అక్షరాల్లో గీతలు తగ్గించే సరళ లిపి పథకం 1956లో వచ్చింది. 1955లో పుట్టిన షూ బింగ్ బడికి వెళ్లేసరికి అక్షరాలు మారుతూ ఉన్నాయి, నిన్న దిద్దింది ఇవాళ తప్పు. 1977లో రెండో విడత సరళీకరణ ప్రకటించారు, 1986లో వెనక్కి తీసుకున్నారు. అంటే ప్రభుత్వమే అక్షరాలు పుట్టించి, మళ్లీ రద్దు చేసింది. ఆ మరుసటి ఏడాది ఒక కుర్రాడు కూర్చుని తన సొంత అక్షరాలు చెక్కడం మొదలుపెట్టాడు. 1986, 1987 ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి రాస్తే మీ పేరా నడుస్తుంది. రెండో కారణం 'దజిబావ్', పెద్దక్షరాల పోస్టర్లు. 1966 నుంచి పదేళ్లు సాగిన సాంస్కృతిక విప్లవంలో మనుషుల బతుకులు గోడ మీద రాతతో కూలిపోయాయి. పేరు రాసి దాని మీద ఎర్రగా ఇంటూ కొడితే ఆ మనిషి పని అయిపోయినట్టే.

ఆ ఎర్ర ఇంటూ గుర్తుంటే ఇంకో కళాకారుడు గు వెండా తేలిగ్గా పట్టుబడతాడు. అతనూ 1955లోనే, షాంఘైలో పుట్టాడు. 1985 నాటి ఒక రచనలో ముగ్గురు మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు 'నిశ్శబ్దం' అనే ఒకే అక్షరాన్ని రాస్తారు. గు వెండా మాస్టారిలా ఎర్ర సిరాతో వాటికి సున్నాలు, ఇంటూలు పెట్టి దిద్దుతాడు. ఎర్ర సున్నా అంటే అక్కడ "బాగుంది" అని. కాపీబుక్ దిద్దే పంతులు, దజిబావ్ రాసే రెడ్‌గార్డ్ (సాంస్కృతిక విప్లవపు యువ కార్యకర్త), ఇద్దరి చేతిలోనూ అదే ఎర్ర కుంచె. (పరీక్షలు రాసే మనకు ఈ రచన కొంచెం ఎక్కువే అర్థమవుతుంది.) అతని పెద్ద సిరా చిత్రాల్లో అక్షరాలు తలకిందులుగా, అద్దంలో చూసినట్టు, భాగాలు తారుమారై ఉంటాయి. షూ బింగ్‌తో తేడా ఇక్కడే: గు వెండాది కుంచె, సిరా, నిలువెత్తు కాగితం. అబద్ధపు అక్షరాన్ని షూ బింగ్ గ్రంథంలా కట్టాడు, గు వెండా కొండలూ పొగమంచూ ఉన్న చిత్రంలో నిలబెట్టాడు. తర్వాత 1993 నుంచి మనిషి వెంట్రుకలతో 'యునైటెడ్ నేషన్స్' సిరీస్ చేశాడు, అందులోనూ చదవడానికి రాని లిపులే.

వు షాన్‌జువాన్ అనే కళాకారుడి 1986 నాటి 'రెడ్ హ్యూమర్' గదిని పక్కనే పెట్టుకోండి. అక్కడ అక్షరాలు అసలైనవే, ఎవరైనా చదవగలరు. నినాదాల ఎరుపులో వీధి ప్రకటనలు, నోటీసులు కలగాపులగంగా గోడల నిండా ఉంటాయి. అన్నీ చదివాక ఏమీ మిగలదు. చదవలేని రాత, చదివినా దక్కని రాత: ఈ జంటను మార్కులు ఇచ్చేవాళ్లు ఇష్టపడతారు.

ఇంకో చిట్కా. గు వెండా, వు షాన్‌జువాన్, హువాంగ్ యోంగ్ పింగ్, చియు జర్‌జ్యే, నలుగురూ హాంగ్‌జౌలోని ఝెజియాంగ్ అకాడమీ వాళ్లు. షూ బింగ్ మాత్రం బీజింగ్. మ్యాచింగ్‌లో ఇది చాలు. హువాంగ్ గురించి ఒక్క వాక్యం: 1987లో చైనా చిత్రకళా చరిత్ర పుస్తకాన్నీ, ఆధునిక చిత్రకళ సంక్షిప్త చరిత్ర పుస్తకాన్నీ కలిపి వాషింగ్ మెషీన్‌లో రెండు నిమిషాలు ఉతికి, ఆ గుజ్జును ఒక చెక్కపెట్టె మీద పెట్టాడు. నిమిషాలు టైటిల్‌లోనే ఉన్నాయి కాబట్టి మర్చిపోరు.

తొంభైలకు వచ్చేసరికి విషయం మారుతుంది. అక్షరాన్ని విరిచే పని అయిపోయి, రాసే పని మీదికి చూపు మళ్లుతుంది. చియు జర్‌జ్యే 'ఆర్కిడ్ పెవిలియన్ ముందుమాట'ను వెయ్యిసార్లు రాశాడు, 1990లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి. పాతకాలపు కాలిగ్రఫీ దిగ్గజం వాంగ్ షీజీ క్రీ.శ. 353లో రాసిన ఆ పాఠంలో 28 వరుసలు, 324 అక్షరాలు. కాలిగ్రఫీ నేర్చుకునే ప్రతివాడూ దాన్ని చూసి దిద్దాల్సిందే. చియు దిద్దింది మాత్రం ఒకే కాగితం మీద. కొన్ని పదుల సార్లకే కాగితం నల్లబడిపోయింది, ఆ తర్వాత నలుపు మీద నలుపే, కనిపించేది చేతి కదలిక ఒక్కటే. మరో సంగతి, వాంగ్ షీజీ అసలు ప్రతి ఇప్పుడు లేదు, ఉన్నవన్నీ నకళ్లు. అందరూ నకలుకు నకలే దిద్దుతున్నారన్నమాట. ఈ రచనలోని వ్యంగ్యం అక్కడుంది, దాన్ని "అభ్యాసం గొప్పతనం" అని రాస్తే బొక్కబోర్లా పడ్డట్టే.

అభ్యాసం అంటే గుర్తొచ్చింది. రోజుకు పద్నాలుగు గంటలు చదివామని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. నాలుగు గంటలు చాలు, కానీ రోజూ కూర్చోవాలి. పండగ, పెళ్లి, క్రికెట్ అన్నీ ఉంటాయి, కుర్చీ మాత్రం ఖాళీగా ఉండకూడదు. "నీకు టైం ఉంది కాబట్టి చెప్తున్నావ్" అంటారు, ఉద్యోగం చేస్తూ చదివిన వాళ్లకూ ఇదే వర్తించింది. ఒకే నోట్సు మీద ఐదు రంగుల హైలైటర్లు గీసుకుంటూ పోతే చియు కాగితంలాగే అవుతుంది. సరే, ఆపేస్తాను.

సోంగ్ దోంగ్ అనే కళాకారుడి దగ్గర మన నుడికారం చేతికందుతుంది: నీటిమీద రాతలు. కాకపోతే రెండు రచనల్ని కలిపేయకండి. 1995 నుంచి రాస్తున్న 'నీటి డైరీ'లో అతను రాతి పలక మీద నీళ్లలో ముంచిన కుంచెతో రాస్తాడు, ఆరిపోతుంది, ఏమీ మిగలదు. ఇది నీటితో రాయడం. సిరా, కాగితం ఖర్చు లేకుండా దిద్దుకొమ్మని చిన్నప్పుడు తండ్రి నేర్పిన పద్ధతి అది. పలకా బలపంతో పెరిగినవాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు. 1996లో టిబెట్‌లోని లాసా నదిలో కూర్చుని 'నీరు' అనే అక్షరం చెక్కిన పెద్ద చెక్క ముద్రను నీటి మీద గంటసేపు కొడుతూ ఉన్నది వేరే రచన. అది నీటిమీద అచ్చు.

మరో కళాకారుడు జాంగ్ హువాన్ 'ఫ్యామిలీ ట్రీ'కి నుదుటి రాత అనాలనిపిస్తుంది. తొమ్మిది ఫోటోలు. ముగ్గురు కాలిగ్రాఫర్లు పొద్దున్నుంచి అతని ముఖం మీద రాస్తూ పోతారు, సాయంత్రానికి ముఖం నల్లటి మెరుపు. రాసిన వాటిలో సామెతలు, పాత కథలు, ముఖలక్షణాన్ని బట్టి జాతకం చెప్పే మాటలూ ఉన్నాయి కాబట్టి మన మాట అతుకుతుంది. కానీ మనం నమ్మే రాత ముందే రాసిపెట్టింది, కంటికి కనిపించనిది. ఇక్కడ రాత కళ్లెదుటే పేరుకుని మనిషినే కనిపించకుండా చేస్తుంది. పోలిక తెచ్చినప్పుడు ఈ తేడా కూడా రాయండి. చేసింది 2000 ప్రాంతంలో, న్యూయార్క్‌లో ఉన్నప్పుడు. అతను పుట్టింది ఆన్‌యాంగ్‌లో, చైనా అతి ప్రాచీన లిపి ఎముకల మీద దొరికిన ఊరు. ఇది పరీక్షకు అక్కర్లేదు, ఇంటర్వ్యూలో పనికొస్తుంది.

కళాకారుడు ఐ వేవే నుంచి ఒకటే: 2009, మ్యూనిక్, తొమ్మిది వేల స్కూల్ బ్యాగులతో భవనం ముఖభాగం మీద పేర్చిన చైనీస్ వాక్యం. సిచువాన్ భూకంపంలో కూతుర్ని పోగొట్టుకున్న తల్లి మాట అది, ఈ లోకంలో ఏడేళ్లు సంతోషంగా బతికిందని. ఇక్కడ అక్షరం అబద్ధం ఆడదు, చదివించడమే దాని పని.

పేర్ల విషయం. ఇంగ్లిష్ పేపర్‌లో ఎక్స్‌తో మొదలైతే 'ష' లాగా, క్యూతో మొదలైతే 'చ' లాగా పలకండి. ఇంటిపేరు ముందొస్తుంది, మనలాగే. "బింగ్ తన రచనలో" అని రాస్తే చదివింది అంతర్జాల సారాంశమే అని తెలిసిపోతుంది.

చివరగా పోలిక ప్రశ్న. షూ బింగ్‌ను మన దేశ చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్‌తో పోల్చమనడం చాలా సహజమైన ప్రశ్న. 1963 నుంచి వచ్చిన పణిక్కర్ చిత్రాల సిరీస్ 'వర్డ్స్ అండ్ సింబల్స్' చదవడానికి రాదు, మలయాళ లిపి ఛాయ ఉంటుంది, జాతకచక్రాల్లాంటి గడులుంటాయి, లెక్కల నోట్‌బుక్ పేజీ నుంచి వచ్చిన ఆలోచన. "ఇద్దరూ చదవలేని లిపి వాడారు" అని ఆగిపోతే రెండు మార్కులు. పణిక్కర్ రాత కాన్వాస్ మీద రంగుతో పాటు పుట్టింది, అక్షరంలా కనిపిస్తే చాలు, నిజమైన అక్షరమని ఎవరినీ నమ్మించాల్సిన పని లేదు. షూ బింగ్ పేజీకి మాత్రం మొదటి చూపులో నమ్మించడమే ప్రాణం. అతని 1994 నాటి 'స్క్వేర్ వర్డ్ కాలిగ్రఫీ' దీనికి తిరగేసిన బొమ్మ: చైనా అక్షరంలా కనిపించే ఒక్కో చదరంలో ఒక ఇంగ్లిష్ మాట ఇమిడి ఉంటుంది. అది చైనీయుడికి చదవడానికి రాదు, చైనీస్ రాని మనకు వస్తుంది. గ్యాలరీని క్లాస్‌రూమ్‌గా మార్చి, బల్లలు, కాపీబుక్‌లు, కుంచెలు పెట్టి చూడ్డానికి వచ్చినవాళ్ల చేత దిద్దించాడు. ఒక కాగితం తీసుకుని మీ పేరులోని ఇంగ్లిష్ అక్షరాలను ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి, బయటి నుంచి లోపలికి ఒక చదరంలో ఇమిడ్చి చూడండి. పది నిమిషాల పని. తర్వాత ఆ రచన గురించి ఎవరి నోట్సూ అడగరు.