పీవో బాక్స్ నంబరు

మాది రాజోలు వైపు. పి.గన్నవరం ఆక్విడక్ట్ (గోదావరి పాయ మీద నీళ్లు దాటించే వంతెన) దాటి వచ్చే కాలువకి చిట్టచివర, శివారు భూములు. పైన తూము దగ్గర లస్కరు తన బావమరిది చేనుకి ముందు నీళ్లొదిలితే, మా నాన్న ఊడుపులు ఆగిపోయేవి. ఆ బాధ చూస్తూ పెరిగాను. దోహాలో స్టోర్ కీపర్‌గా ఉన్నప్పుడు అలాంటిదే నా టేబుల్ మీదికి వచ్చింది.

మా పర్చేజ్ మేనేజర్‌ది మా పక్క ఊరే. నాకు వీసా ఇప్పించింది ఆయనే. అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. ఏడాదిగా కేబుళ్లు, పైపు ఫిట్టింగులు ఒకే సప్లయర్ దగ్గర కొంటున్నాం. రేటెక్కువ. సరుకు తక్కువ వచ్చినా "సంతకం పెట్టెయ్ తమ్ముడూ, రేపు పంపిస్తారు" అనేవారు. ఒకరోజు ఆ సప్లయర్ బిల్లు మీద అడ్రసులో ఉన్న పీవో బాక్స్ (పోస్టాఫీసు పెట్టె) నంబరు ఎక్కడో చూసినట్టనిపించింది. అన్నయ్య బావమరిదిగారు ఓసారి ఇచ్చిన విజిటింగ్ కార్డు తీశాను. అదే నంబరు.

రెండు రాత్రులు నిద్ర లేదు. 2020లో చట్టం మారాక ఖతార్‌లో పాత కంపెనీ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) లేకుండానే వేరే కంపెనీకి మారొచ్చు, నిజమే. కానీ నాకు దారి చూపించిన మనిషి మీద ఎలా చెప్పను?

ముందు ఆయన్నే అడిగాను. "అన్నయ్యా, అది మీ బావమరిదిగారి కంపెనీయేనా అండీ? అయితే పైవాళ్లకి మీరే ఓ మాట చెప్పేయండి." చుట్టాల దగ్గర కొనడం దొంగతనం కాదు, దాచిపెట్టడమే తప్పని నా నమ్మకం. "నీకెందుకురా ఇవన్నీ" అన్నారాయన.

ఆ వారమే ఇంటర్నల్ ఆడిట్‌కి మెయిల్ పెట్టాను. మోసం అన్న మాట రాయలేదు. ఏ తేదీన ఎంత ఆర్డరిచ్చాం, ఎంత వచ్చింది, బయట రేటెంత, రెండుచోట్లా ఒకే నంబరు ఎందుకుంది, అంతే. కంపెనీ కాగితాలేవీ నా ఫోన్‌లోకి ఎక్కించుకోలేదు, అలా చేస్తే తప్పు నా మీదికే వస్తుంది. రూమ్మేట్లకి కూడా చెప్పలేదు.

తర్వాత మూడు కొటేషన్లు లేనిదే ఆర్డర్ పెట్టకూడదన్నారు. ఆయన్ని వేరే సైటుకి మార్చారు. ఆయన నాతో మాట మానేశారు.

సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో వాళ్లమ్మగారు ఎదురయ్యారు. "మావాడు నీ ఊసే ఎత్తట్లేదు, ఏమైందిరా?" అన్నారు.

"నేను చేసిన పనికి కోపం వచ్చిందండీ" అన్నాను.

ఆవిడ కాసేపు నా ముఖంలోకి చూసి, చేతిలో ఉన్న జీళ్ల పొట్లం నాకిచ్చి, జనంలో కలిసిపోయారు.