మార్త ఆ మాట మరియతోనే అనుంటే

స్త్రీల కూడికల్లో ప్రార్థన అంశాలు చెప్పమన్నప్పుడు కాస్త చెవి పెట్టి వింటే సగం సంసారాలు అర్థమైపోతాయి. "మా ఆయనకి కుటుంబం మీద భారం కలగాలని ప్రార్థించండి" అంటుంది ఒకావిడ, భారమంటే ఇక్కడ పట్టింపు. విషయమేంటని బయటికొచ్చాక అడిగితే, ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన గేటు దగ్గర ఫ్రెండ్స్‌తో కబుర్లలో పడిపోతాడట, ఈవిడ చంకలో ఒకర్నీ చేత్తో ఒకర్నీ పట్టుకుని ఎండలో బండి దగ్గర నిలబడాలట. మరి ఆయనకి చెప్పావా అంటే, "చెప్పాలా? ఆయనకి కనపడట్లేదా?" అంటుంది. కూడికలో అందరికీ తెలిసిన అక్కర తెలియాల్సిన ఆ ఒక్కడికే తెలీదు. మగవాళ్లేం తక్కువ కాదు, వాళ్ల అంశం పొట్టిగా ఉంటుంది, అంతే: "ఇంట్లో సమాధానం కోసం," అంటే శాంతి కోసమన్నమాట.

ప్రార్థన వద్దని నేననట్లేదు. దేవునికి చెప్పుకోవడం వేరు, మనిషికి చెప్పాల్సింది దేవుని ద్వారా కబురు పంపించడం వేరు. ఈ రెండోది మన క్రైస్తవ ఇళ్లల్లో బాగా అలవాటైపోయింది.

లూకా 10లో యేసు ఇంటికొచ్చినప్పుడు మార్త చేసింది కూడా అదే కదా. ప్రసంగాల్లో పాపం మార్తకి ఎప్పుడూ చీవాట్లే, పని ఎక్కువ పెట్టుకుంది, వాక్యం వినలేదు అని. నాకైతే ఆవిడ అక్కర న్యాయమైనదే అనిపిస్తుంది, ఇంటికి అతిథులొస్తే వంట దానంతటదే అవదు. కానీ ఆవిడ ఎవరితో అంది? "నీకు చింతలేదా? నాకు సహాయము చేయుమని ఆమెతో చెప్పుము" అని యేసుతో అంది. చెల్లెలు మరియ అక్కడే, ఆయన పాదాల దగ్గరే కూర్చుని ఉంది. అంతకుముందు చెల్లెల్ని లోపలికి పిలిచిందో లేదో లూకా రాయలేదు గానీ, ఇప్పుడు మాత్రం సహాయం అడగడం, చెల్లెలి మీద ఫిర్యాదు, వచ్చిన అతిథి మీద నిష్ఠూరం, మూడూ ఒకే వాక్యంలో కలిసిపోయాయి. అలా కలిపేస్తే అవతలివాళ్ల చెవికి నిష్ఠూరమే తగులుతుంది, అక్కర కిందపడిపోతుంది.

అడగందే అమ్మైనా పెట్టదని మనవాళ్లు ఊరికే అనలేదు. అయినా మన మనసులో ఇంకో మాట గట్టిగా నాటుకుపోయింది, "చెప్పించుకుని చేస్తే అదేం ప్రేమ?" అని. కొండమీద ప్రసంగం చూడండి. మత్తయి 6:8లో మీరు అడగకముందే మీ అక్కరలు తండ్రికి తెలుసని యేసు అంటాడు, మళ్లీ 7:7లో "అడుగుడి" అంటాడు. అన్నీ తెలిసిన దేవుడే అడగమంటుంటే, టిఫిన్ బాక్స్ ఎక్కడ పెట్టాడో తెలీని మనిషి మాత్రం మన మొహం చూసి అంతా గ్రహించేయాలి! మనసు చదవడం దేవుని పని, అది మొగుడి మీద పెడితే ఆయన ఏం చేస్తాడు పాపం.

ఇక టెంపరమెంట్, అంటే మనిషి సహజ స్వభావం సంగతి. యూత్ రిట్రీట్లలో, పెళ్లికి ముందు కౌన్సెలింగ్‌లో ఒక పేపర్ ఇచ్చి టిక్కులు పెట్టమంటారు, చివర్లో మీరు సాంగ్విన్ (సందడి మనిషి), మీరు కోలెరిక్ (కోపిష్టి), మీరు మెలాంకలిక్ (దిగులు మనిషి), మీరు ఫ్లెగ్మాటిక్ (నిదానం మనిషి) అని తేలుస్తారు. ఇది బైబిల్లోంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు, కాదు. గ్రీకు వైద్యంలోది, హిప్పోక్రటీస్ కాలం నుంచి ఉన్న, ఒంట్లోని నాలుగు ద్రవాల లెక్క, రక్తం, పసుపు పిత్తం, నల్ల పిత్తం, కఫం, క్రీ.శ. 2వ శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుడు దాన్ని మనుషుల స్వభావాలకి ముడిపెట్టాడు. మన వాత పిత్త కఫాల్లాంటిదే అనుకోండి. 1966లో టిమ్ లహే అనే అమెరికన్ పాస్టర్ దీని మీద పుస్తకం రాశాక చర్చిల్లో బాగా పాకింది. పేతురు సాంగ్విన్, పౌలు కోలెరిక్, మోషే మెలాంకలిక్, అబ్రాహాము ఫ్లెగ్మాటిక్ అని పంచిపెట్టింది కూడా ఆయనే. ద్రవాల సిద్ధాంతాన్ని వైద్యం ఎప్పుడో వదిలేసింది.

సరదాగా మాట్లాడుకోవడానికి ఆ పేపర్ బాగానే పనికొస్తుంది. చిక్కు తర్వాతే. "నేను కోలెరిక్, నా నోరు ఇంతే" అని ఒకాయన పెళ్లాన్ని అందరి ముందూ కసురుతాడు, "నేను ఫ్లెగ్మాటిక్" అని ఇంకొకాయన కరెంటు బిల్లు కూడా కట్టడు. యాకోబు 1:19లో "వినుటకు వేగిరపడువాడును, మాటలాడుటకు నిదానించువాడును" అని ఉన్నది ప్రతి మనుష్యునికీ, కోలెరిక్ వాళ్లు తప్ప అని ఎక్కడా లేదు.

ఆ పేపర్ కంటే నాకు బాగా నచ్చింది ఇంకోటి. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే డాక్టర్ దంపతులు 1956 నుంచి న్యూయార్క్‌లో పిల్లల్ని పసితనం నుంచే ఏళ్ల తరబడి గమనించారు. కొందరు పిల్లలు కొత్తవాటికి ఇట్టే అలవాటుపడతారు, కొందరు మెల్లగా పడతారు, కొందరు ప్రతిదానికీ గొడవే. అయితే పిల్లాడి స్వభావం ఒక్కటే చూస్తే చాలదని, ఆ స్వభావానికీ చుట్టూ ఉన్నవాళ్లు కోరుకునేదానికీ ఎంత పొంతన ఉందో చూడాలని వాళ్లన్నారు. భార్యాభర్తలకీ అంతేనని నా అభిప్రాయం. ఎవరిది ఏ టైపు అన్నది కాదు, ఇద్దరికీ ఎక్కడ పొంతన కుదరట్లేదన్నది చూసుకోవాలి.

యోహాను 11 చదివినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది. లాజరు చనిపోయాడు. మార్త ఊరి బయటికే ఎదురెళ్లింది, మరియ ఇంట్లో కూర్చుండిపోయింది. తర్వాత ఇద్దరూ యేసుతో అన్న మొదటి మాట ఒక్కటే: ప్రభువా, నువ్విక్కడ ఉండుంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదు. మార్తతో ఆయన మాట్లాడాడు, "పునరుత్థానమును జీవమును నేనే" అన్నాడు, నమ్ముతున్నావా అని అడిగాడు, ఆవిడ జవాబు చెప్పింది. మరియ దగ్గర ఆ బోధ ఏమీ లేదు, ఎక్కడ పెట్టారని అడిగి కన్నీళ్లు విడిచాడు. ఒకే మాటకి రెండు రకాల జవాబులు. ఏడుస్తున్న మనిషికి వచనాలు చెప్పే మన పరామర్శలు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

మా ఇంటి సంగతి చెప్తాను. డిసెంబర్‌లో క్యారల్స్ వాళ్లు మా ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. నాకు ఆ సందడంటే ప్రాణం. మా ఆయన మాత్రం "ఎంతమంది? ఎంతసేపు?" అంటారు. వినడానికి విసుగులా ఉంటుంది, ఆయనకేమో అది లెక్క, లెక్క తెలిస్తే మనిషి కుదుటపడతారు. నాకు కావాల్సింది గుమ్మం దగ్గర ఆయన నా పక్కన ఉండటం. కాబట్టి నేను ముందే యూత్ లీడర్‌కి ఫోన్ చేసి సంఖ్య కనుక్కుని చెప్తాను, ఆయన ప్రార్థన అయ్యేదాకా ఉండి లోపలికెళ్లి పడుకుంటారు, కేకులూ కబుర్లూ నావి. ఇంగ్లీషు కౌన్సెలింగ్ వీడియోల్లో ప్రతి వాక్యం "ఐ ఫీల్" అని మొదలుపెట్టమంటారు, మా ఇంట్లో అలా మాట్లాడితే ఒంట్లో బాలేదా అంటారు. "ఏవండీ, రేపు మీ అమ్మగారు వచ్చేలోపు పిల్లలకి స్నానాలు చేయించండి, వంట నేను చూసుకుంటా" అంటే చాలు. ఏ పని, ఎప్పటికి, ఎవరు అన్నీ అందులోనే ఉన్నాయి, "మీరెప్పుడూ ఇంతే" అన్న తోక లేదు. వేళ కూడా చూసుకోవాలి, 1 సమూయేలు 25లో నాబాలు అనే మొరటు మనిషి తాగి ఉన్న రాత్రి ఆయన భార్య అబీగయీలు ఏమీ చెప్పలేదు, పొద్దున మత్తు దిగాకే చెప్పింది.

నాబాలు పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. చేయి చేసుకోవడం టెంపరమెంట్ కాదు. అక్కడ అక్కరలు ఎలా చెప్పాలన్న పాఠాలు పనికిరావు. "లోబడి ఉండమ్మా, ప్రార్థించు, మారతాడు" అని దెబ్బలు తిన్న ఆడపిల్లని వెనక్కి పంపేవాళ్లు ఎఫెసీ 5:22 దగ్గర మొదలుపెడతారు, "ఒకనికొకడు లోబడియుండుడి" అన్న 21వ వచనం వాళ్ల బైబిల్లో ఉండదేమో. 2005లో చేసిన గృహహింస చట్టం ఉంది, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు. ముందు ఆ పిల్ల క్షేమంగా ఉండే చోటికి చేరాలి, మిగతాది తర్వాత.

మాటలు రానివాళ్ల గురించి అడుగుతారు కొందరు. నోరు తెరవడమే కష్టమైతే రాయమనండి. మా ఆయన పక్క గదిలోంచే నాకు వాట్సాప్‌లో పేరా పేరాలు పెడతారు, ఎదురుగా ఉంటే రెండు ముక్కలు కూడా రావు. నేనేమో వాయిస్ మెసేజ్ పెడతాను, ఆయన దాన్ని డబుల్ స్పీడ్‌లో వింటారని నాకు తెలుసు, పోనీలెండి. ఒక్కటే షరతు పెట్టుకున్నాం, పంపేముందు అది ఫ్యామిలీ గ్రూపా కాదా అని రెండుసార్లు చూసుకోవాలి.